కళ్లం రోడ్డెక్కింది ఎందుకు?

డిసెంబరులో బెంగళూరు నుంచి కేఆర్ పురం, హొసకోటె దాటి చింతామణి వైపు బైకు మీద వెళ్లేవాళ్లకు ఇది కొత్త కాదు. ఊరు దగ్గరపడుతోందనగా రోడ్డు సగం మాయమవుతుంది. తారు మీద ఒక పక్కంతా రాగి వెన్నులు గడ్డితో సహా మందంగా పరిచి ఉంటాయి. అంచున గుండ్రాళ్లు పేర్చి ఉంటాయి. లారీ వచ్చినా బస్సు వచ్చినా ఆ పరుపు మీదుగానే పోవాలి. బండి అటు పోగానే ఒకాయన పంగలకర్రతో గడ్డిని తిరగేసి, ఇంకో బండి కోసం చూస్తుంటాడు.

సిటీ నుంచి వచ్చేవాళ్లు దీన్ని రెండు రకాలుగా చూస్తారు. కొందరికి ఒళ్లు మండుతుంది, రోడ్డేమైనా వీళ్ల సొంతమా అని. కొందరు బండి ఆపి, ఫొటో తీసి, పల్లె అందాలని పెట్టుకుంటారు. పంగలకర్ర పట్టుకున్న మనిషికి ఈ రెండూ పట్టవు. మబ్బు కమ్ముతుందా, సాయంత్రం లోపు గింజ రాలుతుందా, గడ్డి ఎత్తడానికి ఇంకో చెయ్యి దొరుకుతుందా, ఇవీ ఆయన లెక్కలు. రోడ్డు మీద నూర్చడం ప్రమాదమని ఆయనకూ తెలుసు. బైకులు జారి పడతాయి. ఉలవ కట్టె అయితే మరీ ప్రమాదం. ఆ తీగలు కారు అడుగున తిరిగే భాగాలకు చుట్టుకుని, రాపిడికి వేడెక్కి మంటలు లేచిన సంగతులు కర్ణాటక వార్తల్లో చాలాసార్లు వచ్చాయి. పోలీసులు ఏటా హెచ్చరిస్తారు. ఏటా రోడ్డు నిండుతూనే ఉంటుంది.

కారణం చిన్నదే: ఆయనకు కళ్లం, అంటే పంట నూర్చుకునే జాగా, లేదు. అది ఎందుకు లేకుండా పోయిందని అడుగుతూ వెళ్తే మాత్రం కూలీలు, యంత్రాలు, పాల డబ్బులు, రియల్ ఎస్టేట్, వాన అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

ముందు ఈ ఊళ్ల గురించి రెండు మాటలు. హొసకోటె, సర్జాపుర, ఆనేకల్, దేవనహళ్లి చుట్టుపక్కల, ఇంకా పైకి చింతామణి, బాగేపల్లి దాకా ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వర్తూరు, బెళ్ళందూరు, మారతహళ్లి కూడా మొన్నమొన్నటి దాకా ఇలాంటి పల్లెలే. గుంటూరు నుంచో వరంగల్ నుంచో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి అక్కడ ఇల్లు అద్దెకు తీసుకున్న కుర్రాడు, ఓనరమ్మ తెలుగులో మాట్లాడేసరికి "మీదే ఊరండీ?" అని అడుగుతాడు. ఆమెది ఆ ఊరే. ఆ భవనం లేచిన చోటే ఒకప్పుడు వాళ్ల రాగి చేను ఉండి ఉండొచ్చు.

ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు, ఇక్కడ రాగులు. పేరు ఏదైనా ఈ పీఠభూమికి కుదిరినట్టు ఈ పంట ఇంకెక్కడా కుదరదేమో. దేశంలో పండే రాగిలో సగానికి పైగా కర్ణాటకదే. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, ఎర్ర నేల, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల లోపు వాన, అందులోనూ పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లో. జులై, ఆగస్టుల్లో విత్తితే పైరు ఎదిగి వెన్ను వేసే వేళకు ఆ వానలు అందుతాయి, గింజ గట్టిపడే వేళకు చలి, పొడి గాలి వస్తాయి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల జీపీయూ-28 రకం 110 నుంచి 115 రోజుల్లో కోతకొస్తుంది. అంతకు ముందు తరం రైతులకు బాగా తెలిసినవి ఇండాఫ్ రకాలు. ఇక్కడి రాగిని ఆఫ్రికా రాగితో సంకరం చేసి వాటిని తెచ్చిన శాస్త్రవేత్తను కర్ణాటకలో ఇప్పటికీ 'రాగి లక్ష్మణయ్య' అనే తలచుకుంటారు.

చేలో రాగి ఒక్కటే ఉండదు, కనీసం ఉండేది కాదు. కొన్ని సాళ్ల రాగికి ఒక సాలు అనప, కంది, ఆముదం, ఆవాలు కలిపి వేస్తారు. కన్నడంలో దీని పేరు 'అక్కడి సాలు'. తెలుగువాడు విని "ఎక్కడి సాలు?" అని అడిగితే తప్పేమీ లేదు. రాగి నవంబరు, డిసెంబరుల్లో పోతుంది. అనపకాయ సంక్రాంతి దాకా కాస్తుంది. కంది, ఆముదం ఆ తర్వాత కూడా చేలో నిలబడి ఉంటాయి. అంటే కోత ఒక రోజుదో ఒక వారానిదో కాకుండా మూడు నెలల పాటు కొంచెం కొంచెంగా సాగే పని. ఇంట్లో ఉన్న మనుషులతోనే చాలావరకు నెట్టుకురావడానికి ఈ ఏర్పాటు పనికొచ్చింది. కంబైన్ హార్వెస్టర్ వచ్చాక మొదట మాయమైంది ఈ పక్క సాలే. మిషన్‌కు ఒకే ఎత్తున, ఒకేసారి పండిన చేను కావాలి. రాగి కోస్తూ పోయే మిషన్ ఇంకా పూతమీదున్న అనప తీగను చూసి పక్కకు తప్పుకోదు.

అనప గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి, బెంగళూరు నోటికి కోతకాలం రుచి తెలిసేది దానివల్లే కాబట్టి. నాటు అనప పగటి వెలుతురు తగ్గితేనే పూస్తుంది. ఎప్పుడు విత్తినా అది చలికాలం కోసం కాచుకుని కూర్చుంటుంది. తొక్క మీది జిగట, ఆ నూనె వాసన, కన్నడిగులు 'సొగడు' అనేది, మంచు పడే నెలల్లోనే బాగా పట్టుకుంటుందని పండించేవాళ్లూ తినేవాళ్లూ ఇద్దరూ అంటారు. వెలుతురుతో పని లేకుండా ఏడాది పొడవునా కాసే హెబ్బాళ అవరె (కన్నడంలో అవరె అంటే అనపే) రకాలను, హెచ్ఏ-3, హెచ్ఏ-4 లాంటివాటిని, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలే తయారు చేశారు. రైతుకు అవి లాభమే. ఆగస్టులో అనపకాయ కొన్న పెద్దావిడ మాత్రం ఒకసారి వాసన చూసి పక్కన పెట్టేస్తుంది. జనవరిలో వీవీ పురంలో అవరెకాయి మేళా జరుగుతుంది, ఈమధ్య నేషనల్ కాలేజీ గ్రౌండుకు మారింది. అనప దోసె నుంచి అనప జిలేబీ దాకా అన్నీ అమ్ముతారు. గింజలు నానబెట్టి, వేళ్లతో నొక్కి తొక్క తీసిన పితికిపప్పు కేజీల లెక్కన పోతుంది. ఆ నొక్కుడు వెనక ఎన్ని వేళ్లు నొప్పి పెట్టాయో జిలేబీలో తెలియదు. అంతకు ముందే కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర, ఉంటుంది. కోలారు, చింతామణి వైపు నుంచి, ఆంధ్ర నుంచి, తమిళనాడు నుంచి వేరుశనక్కాయలు వచ్చి దొడ్డ బసవన్న గుడి వీధిలో రాశులు పడతాయి. నగరం కోతకాలాన్ని గుర్తు చేసుకునేది ఈ రెండు సందర్భాల్లో. మిగతాదంతా ఊళ్లలోనే జరిగిపోతుంది.

మంచువేళ, కంపెనీ బస్సు

రాగి కోత అంటే కొడవలి పట్టుకుని వెళ్లి కోసేయడమే అనుకుంటే పొరపాటు. తెల్లవారి మంచులో వెన్ను మెత్తగా ఉంటుంది, తాకినా గింజ రాలదు. కాబట్టి కోత పొద్దు పొడిచే ముందే మొదలై, ఎండ చురుక్కుమనే లోపు అవ్వాలి. కోసిన పైరును చేలోనే రెండు మూడు రోజులు ఆరనిస్తారు. ఆరిన దాన్ని కట్టలు కట్టాలంటే మళ్లీ మంచువేళే కావాలి. ఎండిన గడ్డి పెళుసుగా ఉండి మెలిపెడితే తెగుతుంది, మంచు తగిలితే తాడులా వంగుతుంది. నూర్పిడి దీనికి తలకిందులు. నడినెత్తిన ఎండ ఉండాలి, వెన్ను చేత్తో నలిపితే గలగలా రాలాలి. తూర్పారబట్టడానికి గాలి కావాలి. ఇక్కడ నవంబరు నుంచి జనవరి దాకా గాలి ఎక్కువగా తూర్పు నుంచే వీస్తుంది.

ఇప్పుడు ఊరి మొదట్లో పొద్దున ఆరింటికి ఏం జరుగుతుందో చూడండి. హొసకోటె గోడౌన్లకు, నరసాపుర, వేమగల్ ఫ్యాక్టరీలకు, గార్మెంట్ కంపెనీలకు మనుషులను ఎక్కించుకునే బస్సులు వచ్చి ఆగుతాయి. కోతకు అన్నిటికన్నా మంచి వేళ ఏదో, ఊళ్లో మనుషులు బస్సెక్కే వేళ కూడా అదే. సాయంత్రం దిగేసరికి చీకటి. కూలీల కొరత అని అందరూ అంటారు గాని, ఊళ్లో మనుషులు లేక కాదు, మంచువేళలో ఊళ్లో మనుషులు లేక. అందుకే ఈ ప్రాంతంలో కోత మెల్లగా ఆదివారానికి జరిగింది. సెలవు రోజు ఇంటిల్లిపాదీ చేలో దిగుతారు. సెక్యూరిటీ డ్యూటీ చేసే తండ్రి, నర్సింగ్ చదివే కూతురు, ఫుడ్ డెలివరీ చేసే కొడుకు, ముగ్గురూ ఒక రోజు రైతులు. ఆ ఆదివారం వాన పడితే కోత ఇంకో వారం వెనక్కి పోతుంది.

ఇదివరకు దీనికి 'బదులు పని' అనే పద్ధతి ఉండేది. ఇవాళ మీ చేలో మేము, ఎల్లుండి మా చేలో మీరు. దీనికి డబ్బు అక్కర్లేదు, కానీ ఇద్దరికీ ఒకే రోజు తీరిక ఉండాలి. ఒకరిది పగటి షిఫ్టు, ఇంకొకరిది రాత్రి షిఫ్టు అయ్యాక బదులు తీర్చుకోవడం కుదరదు. ఆ బెంగ భరించలేనివాళ్లు రాగే మానేశారు. 1980ల నుంచి హొసకోటె, కోలారు వైపు రాగి చేలు నీలగిరి తోపులుగా మారడానికి ఒక పెద్ద కారణం ఇదే. నీలగిరి నాటితే కొన్నేళ్ల దాకా కూలీ మాటే ఉండదు, కోసుకునేది కూడా కొనేవాడే. భూగర్భ జలం పోతోందని గోల పెరిగి, 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. నాటడం ఆగింది కానీ, కూలీలేమీ తిరిగి రాలేదు.

కళ్లంలో ఏం జరిగేది

పాత పద్ధతిలో కళ్లం సిద్ధం చేయడమే కొన్ని రోజుల పని. గాలి బాగా తగిలే మెరక చూసి, గడ్డి చెక్కి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడనీళ్లు అలికి ఆరబెట్టేవారు. నడిమధ్య మేటి (నిలువు గుంజ) పాతేవారు. పరిచిన వెన్నుల మీద ఎద్దుల బంతి తిప్పడమో, రాతి గుండు లాగించడమో చేసేవారు. రాత్రిళ్లు కాపలా పడుకునేవారు. గింజ, పొట్టు వేరు చేసి, తాలు ఎగరేసి, రాశి పోశాక కొలత. మొదటి సేరుకు ఒకటి అనరు, 'లాభం' అంటారు. తర్వాత రెండు, మూడు. ఏడు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు మాట నోట రాకుండా 'ఆరున్నొకటి'. ఈ లెక్క తెలుగు నేల మొత్తానికీ తెలిసిందే, ఇక్కడి పెద్దవాళ్ల నోటా ఇంకా ఉంది.

కళ్లం ఆ రోజుల్లో జీతాల కౌంటరు కూడా. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి మొదలుకుని బట్టలుతికేవాళ్లు, క్షవరం చేసేవాళ్ల దాకా ఏడాదంతా చేసిన పనికి మేర (వాళ్ల వాటా గింజలు) అక్కడే కొలిచేవారు. అప్పిచ్చినవాడూ అక్కడికే వచ్చి నిలబడేవాడు. రోజంతా ఎండలో పనిచేసిన దళిత కూలీకి మాత్రం చాలా ఊళ్లలో చివరి వాటా, కళ్లం అడుగున ఊడ్చిన మట్టిగింజలూ మిగిలేవి. కళ్లాలు పోయాయని బాధపడుతూ రాసేవాళ్లు ఈ ముక్క సాధారణంగా వదిలేస్తారు. ఆ ఇంటి మనవరాలు ఇవాళ గార్మెంట్ ఫ్యాక్టరీకి పోతూ కోతకు రానంటే, దాన్ని కూలీల కొరత అనే ఒక్క మాటలో చుట్టేయడం న్యాయం కాదు.

కళ్లంతో పాటు పోయిన ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు: కుప్ప. కోతకూ నూర్పిడికీ మధ్య ఒకప్పుడు తొందర ఉండేది కాదు. కట్టలను వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి వచ్చేలా పేర్చి, పైన గడ్డి కప్పేవారు. వాన నీరు జారిపోయేది. లోపల మగ్గిన వెన్నుకు గింజ సులువుగా రాలుతుంది కూడా. సంక్రాంతి పోయాక, ఫిబ్రవరిలోనైనా, ఎద్దులకు తీరిక దొరికినప్పుడు నూర్చుకునేవారు. రాగి గింజ సన్నం, గట్టి. పురుగు పెద్దగా పట్టదు. పాతరలో పోసి మూస్తే ఏళ్ల తరబడి నిలవ ఉండేది. కరువు సంవత్సరానికి ఇంటికి ధైర్యం అదే. కుప్ప ఉన్నంత కాలం కూలీ కోసమో ధర కోసమో వాతావరణం కోసమో ఆగడం రైతు చేతిలో ఉండేది. ఇప్పుడు నూర్పిడి మిషన్ ఊరికి ఎప్పుడొస్తే అప్పుడే నూర్పిడి. కుప్ప వేయడానికి జాగా లేదు, వేయడం తెలిసిన చేతులూ తగ్గిపోయాయి. కుప్ప సరిగ్గా వేయకపోతే నీళ్లు లోపలికి దిగి మొత్తం బూజు పడుతుంది. చూడటానికి గడ్డిపోగులాగే ఉంటుంది కానీ, అదొక పనితనం.

ముప్పై బై నలభై

బెంగళూరులో జాగా కొలత అంటే ముప్పై బై నలభై. 1,200 చదరపు అడుగుల సైటు. నలభై అడుగుల వెడల్పున గుండ్రంగా ఒక కళ్లం గీస్తే లెక్కకు 1,250 చదరపు అడుగుల పైచిలుకు వస్తుంది. అంటే ఒక మోస్తరు కళ్లం, ఒక సైటు దాదాపు ఒకటే. ఏడాదిలో నెల రోజులు వాడి, మిగతా పదకొండు నెలలు ఖాళీగా ఉంచాల్సిన జాగా అది. ఊరికి దగ్గరగా, మెరక మీద, చదునుగా, బండి వచ్చే దారితో ఉండాలి. లేఅవుట్ వేసేవాడు వెతికేదీ సరిగ్గా అలాంటి జాగానే. చేను అమ్మకపోయినా, ఊరి అంచున ఉన్న కళ్లం జాగా ముందుగా అమ్ముడుపోవడం ఇందుకే. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కూడా పేచీ అక్కడే. చేను ముక్కలు చేయొచ్చు, కళ్లం ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదు, అమ్మి డబ్బు పంచుకోవడమే సులువు. ఊరి ఉమ్మడి గోమాళాలు (పశువుల మేత బీళ్లు) ఉన్నచోట వాటిలో కొంత నూర్పిడికి వాడుకునేవారు. బెంగళూరు చుట్టూ గోమాళం మిగిలిన ఊరు దొరకడం కష్టం.

2008 మేలో దేవనహళ్లి విమానాశ్రయం మొదలైనప్పుడు దాని కింద పోయింది సుమారు 4 వేల ఎకరాలు. అసలు మార్పు ఆ ప్రహరీ బయట జరిగింది, చుట్టుపక్కల ప్రతి ఎకరానికీ రెండు ధరలు వచ్చాయి. రాగి పండిస్తే ఒక లెక్క, అమ్మితే ఇంకో లెక్క. అయినా అందరూ అమ్మడానికే చూస్తున్నారనుకోవడం తప్పు. అదే తాలూకాలో చన్నరాయపట్టణ హోబళి 13 గ్రామాల్లో 1,777 ఎకరాలను ఏరోస్పేస్ పార్కు కోసం తీసుకోవాలని చూస్తే రైతులు మూడేళ్లకు పైగా ధర్నా చేశారు. చివరికి 2025 జులై 15న సేకరణ విరమించుకుంటున్నట్టు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించారు. ఆ నేలల్లో పండేది రాగి ఒక్కటే కాదు, ద్రాక్ష, కూరగాయలు, పూలు కూడా. కానీ రాగి ఇంటి తిండి, ఆవుల తిండి. నేల పోతే రెండూ కొనుక్కోవాలి.

ఇక్కడ ఒక వింత ఉంది. ప్లాట్లు వేసి, తారు రోడ్లు పోసి, ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్లు నగరం అంచున ఎన్నో. పక్క చేను రైతులకు డిసెంబరులో అవే కళ్లాలు. విశాలంగా ఉంటాయి, వీధి దీపం కూడా ఉంటుంది, వాచ్‌మన్‌తో మాట్లాడుకుంటే సరి. వాచ్‌మన్‌ది కూడా చాలాసార్లు పక్క ఊరే. ఏ లేఅవుట్ వల్ల కళ్లం పోయిందో, దాని రోడ్డు మీదే నూర్పిడి. ప్లాట్లు అమ్ముడుపోయి ఇళ్లు లేచాక ఇంకో లేఅవుట్ వెతుక్కోవాలి.

మిషన్ ఉండగా ఈ తిప్పలెందుకు అని అడగొచ్చు. కంబైన్ దించితే కోత, నూర్పిడి ఒక్క పూటలో అయిపోతాయి, కళ్లం అవసరమే లేదు. చాలామంది ఆ దారే పట్టారు కూడా. పట్టనివాళ్లకు ఉన్న కారణం గడ్డి. ఈ ఊళ్లలో రోజువారీ ఖర్చు నడిపేది పాల డబ్బులు. పొద్దునా సాయంత్రం డెయిరీ దగ్గర క్యాన్లతో నిలబడే వరస చూస్తే తెలుస్తుంది. వరిగడ్డి కన్నా రాగిగడ్డి పశువుకు బలం. కంబైన్ పైన కోసి, తుక్కు చేసి, మట్టిలో చల్లేస్తుంది. మళ్లీ బేలర్ పెట్టి చుట్టించాలి, అది వేరే ఖర్చు. మొదలంటా కొడవలితో కోసి, బండ్ల కింద నలిగిన గడ్డి పొడుగ్గా, మెత్తగా ఉంటుంది, ఆవు ఇష్టంగా తింటుంది. రెండు ఆవులున్న ఇంటికి గింజ ఎంత ముఖ్యమో గడ్డీ అంతే. చిన్న చిన్న మడులు, మధ్యలో గట్లు ఉన్నచోట కంబైన్ తిరగనూ లేదు.

గింజ విషయానికొస్తే ధర బాగా మారింది. 2017-18లో రాగి మద్దతు ధర క్వింటాలుకు 1,900 రూపాయలు. మరుసటి ఏడాదే 2,897 అయింది. 2025-26కు 4,886. వానాధారం మీద ఎకరాకు 10 క్వింటాళ్లు వస్తే మంచి పంట అనుకోవాలి, ఆ లెక్కన 48,860 రూపాయలు. దీని కోసం ఫ్రూట్స్ ఐడీ (ప్రభుత్వం దగ్గర రైతుగా నమోదైన నంబరు) ఉండాలి, పేరు రాయించుకోవాలి, కొనుగోలు కేంద్రం తెరిచే దాకా ఆగాలి. కొనుగోళ్లు ఊపందుకునేది సాధారణంగా కొత్త సంవత్సరం వచ్చాకే. తేమ 12 శాతం దాటకూడదు. రాళ్లు, మట్టి ఉంటే పక్కన పెడతారు. రోడ్డు మీద నూర్చినవాడికి గట్టిగా తగిలే దెబ్బ ఇదే. తారు కంకర, టైర్ల మట్టి రాగి గింజంత సన్నగా ఉండి, జల్లెడకు కూడా దొరకవు. ముద్ద తినేటప్పుడు పంటి కింద కరకరమంటే అది ఎక్కడ నూర్చిన రాగో వేరే చెప్పక్కర్లేదు. కేంద్రంలో వెనక్కి పంపిన మూట వ్యాపారి దగ్గరికి పోతుంది, ఆయన చెప్పిందే ధర. ఇంట్లో ఎండబెట్టుకునే మేడ, నిలవ పెట్టుకునే గది ఉన్నవాడు జనవరి దాకా ఆగి పూర్తి ధర తీసుకుంటాడు. లేనివాడు డిసెంబరులోనే అమ్మేస్తాడు. మద్దతు ధర పెంచిన ప్రతిసారీ ఈ తేడా ఇంకాస్త పెరుగుతుందే గాని తగ్గదు.

వీటన్నిటి మీదా వాన. అక్టోబరుతో తగ్గాల్సిన వానలు నవంబరులో తుపాన్లతో కలిసి వస్తున్నప్పుడు పండిన రాగి చేలోనే పడిపోయి, తడిసిన వెన్నులో గింజ మొలకెత్తుతుంది. 2021 నవంబరులో అదే జరిగింది. ఆ నెల యలహంకలో చెరువు పొంగి అపార్టుమెంట్లలోకి నీళ్లొస్తే జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు. టీవీల్లో అదే చూపించారు. ఆ సమయంలోనే బెంగళూరు గ్రామీణ, కోలారు, చిక్కబళ్ళాపుర, తుమకూరు జిల్లాల్లో కోతకొచ్చిన రాగి నేలకు కరుచుకుని ఉంది. 2024లో ఫెంగల్ తుపాను నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటాక ఇక్కడ మళ్లీ ముసురు పట్టింది. వాన సూచన ఫోన్‌లో కనబడగానే ఇప్పుడు రైతు చేసేది ఒక్కటే, పచ్చిగా ఉన్నా సరే మిషన్ పిలవడం. అందరూ ఒకే రోజు పిలుస్తారు. ఆ రోజు మిషన్ బాడుగ మిషన్‌వాడు చెప్పిందే. అది దొరకనివాళ్లు కోసి, టార్పాలిన్ కప్పి, ఎండ కోసం ఎదురుచూస్తారు. ఎండ వచ్చిన రోజు, గంటల్లో ఆరబెట్టి నూర్చేయాలి. నేల ఇంకా తడిగానే ఉంటుంది. ఊరంతటికీ పొడిగా, వేడిగా, గట్టిగా ఉండే జాగా అప్పటికప్పుడు కావాలంటే తారు రోడ్డు తప్ప ఇంకేదీ ఉండదు.

సిమెంటు కళ్లాలు కట్టించడం దీనికి తేలికైన మందు. ఉపాధి హామీ కింద కర్ణాటకలో చాలా ఊళ్లలో కట్టారు, అవి బాగా పనిచేస్తాయి కూడా. గింజలో మట్టి కలవదు, త్వరగా ఎండుతుంది, బైకులు జారవు. చిక్కు ఎక్కడంటే, దానికి కావాల్సింది సిమెంటు కన్నా ముందు జాగా. అమ్ముడుపోని, కబ్జా కాని ఉమ్మడి జాగా ఊరికి దగ్గరలో ఉండాలి. సొంత పొలంలో కట్టుకుందామంటే రెండెకరాల రైతు అందులో ఒక మడిని శాశ్వతంగా వదులుకోవాలి. కట్టినచోట కూడా ఊరికి ఒకటో రెండో. మామూలు రోజుల్లో దాని మీద ట్రాక్టరు నిలబెడతారు, పిల్లలు క్రికెట్ ఆడతారు, పెళ్లికి షామియానా వేస్తారు. కోతకాలంలో వంతులు. ఒకరి రాగి పరిచి, ఎండి, నూర్చి, ఎత్తేసరికి రెండు మూడు రోజులు పడుతుంది, వెనక పదుల మంది ఆగి ఉంటారు. ఆకాశం తేటగా ఉంటే వంతు ప్రకారం నడిచిపోతుంది. మబ్బు పట్టిన రోజు ముందు ఎవరని మాటామాటా పెరుగుతుంది. వంతు రానివాడు టార్పాలిన్ చుట్టి, కట్టలు ట్రాక్టరుకెత్తి, బండిని రోడ్డు వైపు తిప్పుతాడు.